ద్వారపాలకుడి కుడి చెంప

నా చిన్నప్పుడు మా తెనాలి పిల్లలకి రాయి అంటే రోలు, సన్నికల్లు, కాలవ రేవులో బట్టలుతికే బండ, అంతే. మా నేలలో ఎంత తవ్వినా నల్లమట్టే వస్తుంది, ఇంకా తవ్వితే నీళ్లొస్తాయి. గుంటూరు బస్సులో పోతూ కిటికీలోంచి వడ్లమూడి కొండని చూసొచ్చిన పిల్లవాడు వీధిలో కొన్నాళ్లపాటు మాకందరికీ మొనగాడు. అలాంటి ఊళ్లో పుట్టి, మట్టిని రాయిగా నమ్మించే పనిలో ముసలివాణ్ణయ్యాను నేను. ఆ పని నాకెవరూ చెయ్యి పట్టి నేర్పలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే బాపట్లలో ఈ కథని ఇప్పటికీ ఇంకో రకంగా చెప్పుకునేవాళ్లున్నారు. అది నా దాకా వస్తూనే ఉంటుంది, వచ్చినప్పుడల్లా నాకు తిన్నది అరగదు.

మా తాతయ్య, అంటే మా అమ్మకి నాన్న, మట్టి బొమ్మలు చేసేవాడు. నాటకాలవాళ్లకి విగ్రహాలు, పెళ్లిపందిళ్లకి ఏనుగు తలలు, తోటల్లో పెట్టుకోవడానికి సింహాలు. అన్నీ మట్టితో చేసి, పెరట్లో ఆవం పేర్చి కాల్చి, రంగులు వేసి ఇచ్చేవాడు. మా నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. నా బడి ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా పొట్లాల కాగితాల మీదా, గ్రంథాలయం బల్ల దగ్గరా చదివిందే. తాతయ్య ఇంట్లో నా పని మట్టి తొక్కడం. కాలవగట్టు నుంచి తెచ్చిన మట్టిలో ఊక కలిపి, నీళ్లు చిలకరించి, అది వెన్నముద్దలా అయ్యేదాకా తొక్కాలి. ఒక్క గులకరాయి మిగిలినా ఆవంలో బొమ్మ పగులుతుంది. నా కాళ్లకింద ఒక్క బొమ్మా పగల్లేదు. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. పగిలితే మాత్రం అనేవాళ్లు.

తాతయ్య దగ్గర కుంచెల పెట్టె ఒకటి ఉండేది. పల్చటి టేకు పెట్టె. అందులో ఉడత తోక వెంట్రుకలతో ఆయనే కట్టుకున్న కుంచెలు సన్నం నుంచి లావు దాకా వరసగా పడుకుని ఉండేవి. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు ఆ వయసులోనే ఒకటి అర్థమైంది. ఆ పెట్టె ఎవరి చేతికొస్తే ఆ ఇంటి పని వాళ్లది. రానివాడు మట్టి తొక్కుతూనే ఉంటాడు. నాకు వెనక నాన్న లేడు, ముందు చదువు లేదు. నాకున్నదల్లా ఆ పెట్టె మీద ఆశ.

దానికి అడ్డం మా బావ. మామయ్య కొడుకు, నాకంటే కాస్త పెద్దవాడు. మామయ్య ఉద్యోగం బాపట్లలో కాబట్టి బావ అక్కడి హైస్కూల్లో చదివేవాడు. వేసవి సెలవులకి తెనాలిలో రైలు దిగేవాడు. చంకలో ఒక డ్రాయింగు అట్ట, చేతిలో రేకు పెట్టెలో రంగుల ట్యూబులు. వాడు వీధి మొదట్లో కనిపించగానే అమ్మమ్మ దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లోనే ఉన్న నాకు ఎవరు దిష్టి పెడతారు? పక్కింటి అక్కయితే మా ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకుని, "మీ బావ చేతులు చూడరా, తమలపాకుల్లా ఉన్నాయి. నీవేంట్రా, గేదె గిట్టల్లాగా!" అనేది. అని నవ్వి, ఇద్దరికీ చెరో జామకాయ ఇచ్చేది. ఆ జామకాయ నేను తినేవాణ్ణి కాదు, పెరట్లోకి విసిరేసేవాణ్ణి. తరవాత వెళ్లి ఏరుకుని తినేవాణ్ణి అనుకోండి.

కొడుకు కొడుకు చేతికి కుంచె, కూతురు కొడుకు కాళ్లకి మట్టి. అప్పట్లో ఈ మాట నా బుర్రలో రైలు చప్పుడులా తిరుగుతూ ఉండేది.

అలాంటి ఒక వేసవిలోనే, అరవైల నడిమి సంవత్సరాల్లో, రేపల్లెకి అవతల సముద్రం దాపున ఉన్న ఒక ఊరి నుంచి గుడి ధర్మకర్త గారు తాతయ్యని వెతుక్కుంటూ వచ్చారు. ఆ ముందు కార్తీకంలో వచ్చిన గాలివానకి గుడి పక్క తాటిచెట్టు కూలి, గుమ్మం ముందు నిలబడ్డ ఇద్దరు ద్వారపాలకుల్లో ఒకడి మీద పడిందట. రాతి విగ్రహం ముక్కలైపోయింది. కొత్తది చెక్కించడానికి ఇచ్చారుగాని, అది వచ్చే ఏటికిగాని రాదు. వైశాఖంలో స్వామి కల్యాణం.

"ఒక పక్క మనిషుండి ఒక పక్క లేకపోతే ఎట్టాగండి? మా ఊరి ఆడవాళ్లు గుళ్లోకి రావడానికే జంకుతున్నారు," అన్నారాయన. "ఈ ఒక్క ఏడాదికి మట్టితో చేసి పెట్టండి. కానీ ఒక్క మాటండి. పక్కన మిగిలినవాడు పాత రాయి. ఎన్ని వానలు తిన్నాడో ఎవరికీ తెలీదు. వాడి పక్కన కొత్త బొమ్మని నిలబెడితే పిల్లలాట కింద ఉంటది."

"మట్టి రాయి అవదండి," అన్నాడు తాతయ్య. "రాయిలా కనపడమంటే కనపడుద్ది. కాకపోతే ముందు మీవాణ్ణి చూడాల."

రేపల్లె రైలెక్కి, దిగి, ఎడ్లబండి కట్టించుకుని వెళ్లాం. తాతయ్య, బావ, నేను. నన్నెందుకు తీసుకెళ్లారో అక్కడికి వెళ్లాకగాని తెలియలేదు. బావ బొమ్మ గీస్తుంటే ఎండ తగలకుండా గొడుగు పట్టడానికి.

ఆ గుడి తూర్పు ముఖం. గుమ్మానికి ఉత్తరం పక్కన మిగిలినవాడు నిలబడి ఉన్నాడు, మా అంత ఎత్తు, గద పట్టుకుని. దక్షిణం పక్కన ఉత్త పీఠం. విరిగిన ముక్కలైనా ఉన్నాయా అని తాతయ్య అడిగితే, భిన్నమైన విగ్రహాన్ని ఉంచకూడదని అప్పుడే కాలవలో కలిపేశామన్నారు. మరి వాడెలా ఉండేవాడని అడిగాడు. పుట్టినప్పటి నుంచీ వాడి పక్కనుంచి నడిచినవాళ్లు నలుగురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"వీడిలాగే ఉండేవాడండి. అద్దంలో చూసుకున్నట్టు. ఇటుది అటు, అంతే," అన్నాడొకాయన. అందరూ తలలూపారు.

మిగిలినవాణ్ణి చూస్తే జాలేసింది. గుమ్మం వైపున్న చెంప, అంటే వాడి కుడి చెంప, మశూచి వచ్చి తగ్గినట్టు గుంటలు గుంటలుగా ఉంది. ఆ వైపు కన్ను సగం మూసుకుపోయింది. భుజం మీద నుంచి పాచి ఎండిన నల్లటి చారలు దిగి ఉన్నాయి. రెండో చెంప మాత్రం నున్నగా, నిన్ననే క్షౌరం చేయించుకున్నట్టు ఉంది. బావ డ్రాయింగు అట్ట ఒళ్లో పెట్టుకుని ప్రతి గుంటా, ప్రతి చారా గీస్తున్నాడు. తాతయ్య వాడి భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. వాడి వేళ్లకేసి చూస్తున్న ఆయన కళ్లని నేను చూశాను. నాకేసి ఆ కళ్లు ఎప్పుడూ అలా చూడలేదు. నా చెయ్యి గొడుగు పట్టుకుని తిమ్మిరెక్కింది. మార్చుకోబోతే "ఒరేయ్, నీడ కదులుతోంది" అన్నాడు బావ.

బావకేసి చూడలేక మొహం తిప్పుకున్నాను. అలా తిప్పుకున్నందువల్లే ఇంకొకటి చూశాను. ఉత్త పీఠానికి పక్కన గోడలో దీపం గూడు ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, గూట్లో దీపం ఎగదోసి, నూనె అయిన వేళ్లు పక్కకి చాపేవారు. ఏమీ లేని చోటికి. ఉత్త గాల్లోకి. చెయ్యి అక్కడొక క్షణం ఆగేది. అప్పుడు గుర్తొచ్చినట్టుగా చీరకొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లేవారు. ఒకావిడ కాదు, వచ్చిన ప్రతి ఆవిడా అంతే. అందరి చేతులూ ఒకే ఎత్తులో ఆగాయి. దాని అర్థమేంటో అప్పుడు ఆలోచించలేదు. చూశానంతే.

ఇంటికొచ్చాక మట్టి తొక్కాను. ఆ మట్టిని తొక్కినట్టు ఇంకే మట్టినీ తొక్కలేదు. కాళ్లకింద ఎవరున్నారనుకుని తొక్కానో మీకు చెప్పక్కర్లేదు. తాతయ్య ద్వారపాలకుణ్ణి కాళ్లు, ఒళ్లు, తల వేరువేరుగా, లోపల డొల్లగా చేశాడు. మిగిలినవాడు గద కుడిచేత్తో పట్టుకుంటే వీడు ఎడమచేత్తో. ఆవంలోంచి ఎర్రగా, ఖంగుమంటూ వచ్చాయి మూడు ముక్కలూ. సున్నంలో బెల్లంనీళ్లు కలిపిన ముద్దతో అతికించాడు.

రంగు వేసే రోజు పొద్దున్నే నేను స్నానం చేసి, గోళ్లలో మట్టి పుల్లతో తీసుకుని, పెరట్లో నిలబడ్డాను. తాతయ్య టేకు పెట్టె తెచ్చి మూత తీశాడు. లావుపాటి కుంచె ఒకటి తీసి, దాని కొన పెదాలతో తడిపి, బావ చేతిలో పెట్టాడు. నాకేసి తిరిగి, "నువ్వు మసి నూరరా అబ్బాయ్" అన్నాడు.

నూరాను. లాంతరు చిమ్నీల్లోంచి గీకిన మసి, తుమ్మబంక నీళ్లు, ఊక బూడిద, పాతసున్నం. నూరుతూ వాడి చేతినే చూశాను. ఒక్క మాట చెప్పనా, ఓర్వలేనివాడు చూసినంత శ్రద్ధగా ఏ శిష్యుడూ గురువుని చూడడు. శిష్యుడికి నిద్రొస్తుంది, ఆకలేస్తుంది. కడుపు మండుతున్నవాడికి ఆ రెండూ రావు. బూడిదా సున్నమూ కలిపిన రంగు ఒళ్లంతా పట్టించాడు, అది పూర్తిగా ఆరకముందే పల్చటి మసినీళ్లు పోశాడు, తడిగుడ్డతో పైపైన తుడిచాడు. గుంటల్లో నలుపు ఉండిపోయింది, మెరకల మీద పోయింది. కొబ్బరిపీచు రంగులో ముంచి బొటనవేలితో చిమ్మితే రాతి పలుకులు పడ్డాయి. ఆకుపసరులో మసి కలిపి భుజం మీద నుంచి పాచి చారలు దింపాడు. చెంప మీద బంక రాసి ఇటుక పొడి అద్ది, ఆరాక అక్కడక్కడా గిల్లేస్తే మశూచి గుంటలు వచ్చాయి. తాతయ్య చెప్పేది తక్కువ, బావ పట్టుకునేది ఎక్కువ. సాయంత్రానికి ఆవంలోంచి వచ్చిన ఎర్ర కుండ పోయి, పెరట్లో రాయి నిలబడింది.

వాడు నిజంగానే బాగా వేశాడు. అదే కదా నా ఏడుపు. చెత్తగా వేసి ఉంటే నాకు హాయిగా నిద్రపట్టేది. పక్కింటి అక్క వచ్చి వేలితో తట్టి చూసి, "ఓయమ్మో, ఇది రాయి కాదా!" అంది. అమ్మమ్మ మళ్లీ ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. మా అమ్మ కూడా "ఎంత చక్కగా వేశావు నాయనా" అంది బావతో. మా అమ్మ! నేను ఆవం వెనక్కి పోయి, పగిలిన కుండ పెంకుల మీద మిగిలిపోయిన మసి వేలితో పూసి, తుడిచి, మళ్లీ పూసి, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. నా పెంకు కూడా రాయిలాగే ఉంది. ఎవరూ చూడలేదు. పెంకులు ఎవరు చూస్తారు?

బండిలో అయితే కుదుపులకి పగులుతుందని ద్వారపాలకుణ్ణి గడ్డి పరిచిన పడవలో కాలవ మీద పంపించారు. మేం రైల్లో వెళ్లాం. కొబ్బరితాళ్లు కట్టి పీఠం మీదకి ఎక్కించేసరికి ఊరంతా చేరింది. ధర్మకర్త గారు ఇటు నుంచి చూసి, అటు నుంచి చూసి, "భేష్ అండీ, రాయే!" అన్నారు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం వాడి తల నిమురుతున్నారు.

ఇంతలో ఒక ముసలావిడ, ఆ గుళ్లో రోజూ ముగ్గు పెట్టే ఆవిడ, ముగ్గుబుట్ట చంకలో పెట్టుకుని కొత్తవాడి ముందు ఆగింది. తల అటు వంచింది, ఇటు వంచింది.

"రాయిలాగే ఉన్నాడయ్యా. కానీ మావాడిలా లేడు," అంది.

"ఏం లేదు పిన్నీ?" అన్నారు ధర్మకర్త గారు.

"నాకేం తెలుసు నాయనా. ఎవరో ఊరుగాని ఊరివాణ్ణి తెచ్చి నిలబెట్టినట్టుంది."

జనంలో గుసగుస బయలుదేరింది. ఒకావిడ "అవునొదినా, నాకూ అట్టానే ఉంది" అంది. తాతయ్య మొహంలో రంగు మారింది. బావ చేతులు కిందకి దిగాయి.

తప్పేదో పట్టుకోవాలని నేను పడవలోంచి దించినప్పటి నుంచీ ఆ బొమ్మని కళ్లతో తింటూనే ఉన్నాను. ఇప్పుడు రెండు బొమ్మలూ గుమ్మానికి అటూ ఇటూ నిలబడేసరికి ఒక్కసారిగా కనిపించింది. పాతవాడికి గుమ్మం వైపు చెంప అరిగింది. బావ కూడా కొత్తవాడికి గుమ్మం వైపు చెంపే అరగ్గొట్టాడు, అద్దంలో చూసినట్టు, అందరూ చెప్పినట్టే. ఇద్దరూ ఎదురెదురుగా అరిగారు. అంటే గుమ్మంలోంచి వాన బయటికి కురిసిందా?

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. బొమ్మని వెనక్కి పంపేవాళ్లు. బావ తల వంచుకుని బాపట్ల రైలెక్కేవాడు. ఆ పెట్టె దగ్గరికి వాడు మళ్లీ వచ్చేవాడు కాదేమో. ఇదంతా ఆ క్షణంలోనే నా కళ్లముందు తిరిగింది, తీపిగా తిరిగింది. కానీ ఆ తీపిలోనే ఒక ముల్లుంది. తప్పు ఎక్కడుందో నేను చూశానని ఎవరికీ తెలియకుండా పోతుంది. బావ ఓడిపోవడం బాగానే ఉంటుంది, కానీ నేను గెలిచినట్టు కాదుగా! అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను. మంచితనం వల్ల మాట్లాడానని తరవాత మా అమ్మ అందరికీ చెప్పుకునేది. మంచితనమూ లేదు, ఏమీ లేదు.

"తాతయ్యా," అన్నాను గట్టిగా, "వీడి మీద వాన ఎటు నుంచి కురిసిందీ?"

బావ నాకేసి చురచురా చూశాడు. "నీకేం తెలుసురా? ఉన్నది ఉన్నట్టు దించాను. ద్వారపాలకులంటే జత. ఒకడికి కుడి అయితే ఇంకొకడికి ఎడమ."

"చెక్కినాయన జతగా చెక్కాడు. వాన కూడా జతగా కురుస్తుందా బావా?"

తాతయ్య ఎవరిది తప్పనీ అనలేదు, ఎవరిది ఒప్పనీ అనలేదు. పాత విగ్రహం ముందు బావని, కొత్త విగ్రహం ముందు నన్ను, వీధికేసి మొహాలు పెట్టి నిలబడమన్నాడు. ముసలావిడ దగ్గరికి వెళ్లి, "అమ్మా, గుప్పెడు ముగ్గు పెట్టవా" అన్నాడు. అప్పటికి పొద్దు తిరిగింది. ఆ ఊళ్లో రోజూ ఆ వేళకి దక్షిణం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. ఉత్తరం వైపు గుడి వంటసాల గోడ అడ్డం, అటు నుంచి గాలి రాదు. తాతయ్య దక్షిణం వైపు నా పక్కకి వచ్చి నిలబడి, ముగ్గు గుప్పిట్లో ఎత్తి పట్టుకుని, గాలికి వదిలేశాడు.

కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఊరంతా ఘొల్లున నవ్వుతోంది. నా కుడి చెంప, కుడి కనుబొమ్మ, కుడి చెవి తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. గుమ్మానికి అవతల బావకేసి చూస్తే, కాస్త పల్చగా, వాడికీ కుడి చెంపే. ఎడమ వైపు ఇద్దరం నల్లగానే ఉన్నాం.

"ఓరి మీ దుంపతెగ!" అన్నారు ధర్మకర్త గారు కడుపు పట్టుకుని. "గాలి ఎటు కొడితే వానా అటే. మావాడిది కుడి చెంపే. ఇదిగో, ఇటు సముద్రం వైపుది. ఇప్పుడు గుర్తొస్తంది నాకు."

ఇప్పుడు గుర్తొచ్చింది, చూశారా! అందరికీ అప్పుడే గుర్తొచ్చింది.

అమ్మయ్య, ఇక కుంచె నాదే అనుకున్నాను. తాతయ్య సంచీలోంచి టేకు పెట్టె తీశాడు. మూత తెరిచాడు. కుంచె తీశాడు. బావకిచ్చాడు.

"వాడు చెప్తాడు, నువ్వు మార్చు," అన్నాడు.

మొహం మీద ముగ్గు అలాగే ఉంది, దాని మీద నుంచి కన్నీళ్లు కారుతున్నాయి. బహుశా అవి నా చెంప మీద సరిగ్గా వాన చారల్లాగే దిగి ఉంటాయి. ఎందుకంటే బావ నాకేసి కాసేపు తేరిపార చూసి, అచ్చం ఆ చారలే కొత్తవాడి కుడి చెంప మీద దించాడు. ఇంకేం కావాలి! నా ఏడుపు కూడా వాడి పనిలో కలిసిపోయింది. వాడు ఎడమ చెంప గుంటలు పూడ్చాడు, కుడి వైపు తెరిచాడు, ముక్కు కింద వాన తగలని చోట నలుపు వదిలాడు. నేను చెప్పకుండానే వదిలాడు. తెలివైనవాడు, కాదనను.

పని అయ్యాక తాతయ్య ముసలావిణ్ణి పిలిచి చూడమన్నాడు. ఆవిడ చూసి, "దగ్గరికొచ్చాడు నాయనా. ఇంకా పూర్తిగా రాలేదు" అంది. బావ నీరసంగా కుంచె కింద పెట్టాడు. ఏం లేదో ఆవిడా చెప్పలేదు, వాడికీ తెలియదు. తాతయ్య అప్పుడు నాకేసి తిరిగాడు. మొదటిసారి, ఆ రోజు మొత్తం మీద మొదటిసారి, బావ వేళ్లని చూసిన ఆ కళ్లతో నన్ను చూశాడు.

"గొడుగు పట్టుకుని ఊరికే లేవుగా నువ్వు. ఇంకేం చూశావ్?"

చెప్పాను. దీపం గూడు సంగతి, ఆడవాళ్ల చేతుల సంగతి, అవి గాల్లో ఎక్కడ ఆగాయో ఆ సంగతి. చెప్తుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకళ్ల చేతులొకళ్లు చూసుకున్నారు. ఒకావిడ సిగ్గుతో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోజూ నూనె చేతులు వాడి గదకి తుడిచామని, అమ్మమ్మల కాలం నుంచీ తుడిచామని, వాళ్లకే అప్పటిదాకా తెలియదు.

నేను బావ కింద పెట్టిన కుంచె కోసం చెయ్యి చాపాను. తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"కుంచెందుకురా? వాళ్లు కుంచెతో తుడిచారా?" అని, నా చేతిని దీపం గూట్లోకి తీసుకెళ్లి, నూనెలోనూ మసిలోనూ నా వేళ్లు ముంచాడు.

అప్పుడు నేను ఆడవాళ్లు నిలబడ్డ చోట నిలబడ్డాను. దీపం ఎగదోసినట్టు చేసి, వాళ్లలాగే చూడకుండా చెయ్యి పక్కకి చాపాను. గద తగిలింది. తుడిచాను. మళ్లీ ముంచి, మళ్లీ తుడిచాను. ఎన్నిసార్లో తెలియదు. తల్లులు తుడిచినట్టు, వాళ్ల తల్లులు తుడిచినట్టు తుడిచాను. గద మీద అరచేతి మందాన నల్లగా, జిడ్డుగా, నిగనిగలాడుతూ ఒక మచ్చ తేలింది. ముసలావిడ ముగ్గుబుట్ట కింద పెట్టి, దీపం ఎగదోసి, తన వేళ్లు ఆ మచ్చకి తుడుచుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు. అలా తుడుచుకుని, మమ్మల్నెవర్నీ చూడకుండా, తిన్నగా గుళ్లోకి నడిచి వెళ్లిపోయింది.

తాతయ్య కుంచె కడిగి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

తిరుగు రైల్లో బావ నా పక్కనే కూర్చున్నాడు. రుమాలు తడిపి నా చెంప మీద ముగ్గు తుడవబోయాడు. నేను తుడవనివ్వలేదు. ఎదుటి బల్ల మీద తాతయ్య కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ కూర్చున్నాడు. పెట్టె ఆయన ఒళ్లో ఉంది.

ఆ పెట్టె నాకు రాలేదు. తాతయ్య పోయాక మామయ్య దాన్ని బాపట్ల పట్టుకుపోయాడు. బావ చదువుకుని వేరే ఉద్యోగంలో చేరాడు. అది ఇప్పటికీ వాళ్ల అద్దాల బీరువాలో ఉంటుంది, వచ్చినవాళ్లకి చూపిస్తారు. ఆ ద్వారపాలకుడి కథా చెప్తారు. అందులో నేను గొడుగు పట్టుకుని ఉంటాను. ఉడత వెంట్రుకలకి పురుగు పట్టి ఉంటుందని నా అనుమానం. పోయినోళ్లని అనకూడదు గానీ, తాతయ్య అమ్మమ్మతో "వాడికి చెయ్యుంది, వీడికి కన్నుంది" అన్నాడట. కన్నున్నవాడికి కుంచె ఎందుకివ్వకూడదో మాత్రం ఆవిడకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నా కుంచెలు నేనే కట్టుకున్నాను. ఎన్ని బొమ్మల్ని రాయి చేశానో, ఎన్ని తోటల్లో, ఎన్ని నాటకాల్లో నా మట్టి రాయిలా నిలబడిందో చెప్పుకోవడానికి నాకు బీరువా లేదు.

డెబ్బైల్లో ఒకసారి రేపల్లెలో పనుండి, బండి కట్టించుకుని ఆ ఊరు వెళ్లాను. కొత్త రాయి ఎప్పుడో వచ్చేసింది. మా మట్టివాణ్ణి కాలవలో కలిపేశారు. బావ దించిన చారలు, తెరిచిన గుంటలు అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. రాతివాడు ఇంకా కొత్తవాడే, రెండు చెంపలూ ఒకేలా నున్నగా ఉన్నాయి. పక్కవాడికి జతలా కూడా లేడు. కానీ గద మీద, నేను వేళ్లతో తుడిచిన ఎత్తులోనే, అరచేతి మందాన నల్లగా, జిడ్డుగా, నిగనిగలాడుతూ మచ్చ ఉంది. నేను చూస్తుండగానే ఎవరో కొత్త కోడలు, నేనెవరో తెలియని పిల్ల, దీపం ఎగదోసి చెయ్యి చాపి తుడుచుకుని వెళ్లింది.

అది వాళ్ల చేతుల అలవాటేనని మీరంటారు. నేనున్నా లేకపోయినా ఆ మచ్చ అక్కడే పడేదంటారు. అనండి. ఆ గుమ్మంలో మా ఇంటి పని ఏదైనా మిగిలి ఉందంటే ఆ మచ్చే. అది నాది.

ఇప్పటికీ ఎవరి పనైనా చూసి కడుపులో మంట లేస్తే నేను మొహం తిప్పుకోను. ఇంకాస్త దగ్గరికి వెళ్తాను. ఇతని మీద వాన ఎటు నుంచి కురిసిందా అని చూస్తాను. రోజూ సాయంత్రం దేవుడి గూట్లో దీపం ఎగదోసి నూనె వేళ్లు పక్క గోడకే తుడుస్తాను. మా కోడలు గొణుగుతుంది. గోడకి రంగు వేయించినప్పుడల్లా ఆ మచ్చని మూయబోతే, కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చుంటాను.